చెత్తబుట్టలో దొరికిన మందు పేరు

మూడేళ్ళ కిందట కార్తీకమాసంలో ఒక రాత్రి, మా మేనత్త ఒంట్లోకి ఏ మందు వెళ్ళిందో తెలుసుకోవడానికి మా చిన్నబావ టార్చిలైటు పట్టుకుని ఒక చెత్తబుట్ట బోర్లించాడు. నేనప్పుడు పక్క రాష్ట్రంలో, ఒక ఆస్పత్రి వరండాలో, ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాను. అతను అక్కడ ఒక్కో ఇంగ్లిషు అక్షరం కూడబలుక్కుంటుంటే నేనిక్కడ గోడ మీద వేలితో రాసుకుంటున్నాను.

నాది పర్లాకిమిడిలో మందుల షాపు. కౌంటర్ వెనక నిలబడి ఇరవై రెండేళ్ళయింది. మా తాత పుట్టినప్పుడు ఈ ఊరు మద్రాసు రాజధానిలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు ఊరు అటు వెళ్ళింది, మేం మాత్రం ఉన్నచోటే ఉన్నాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ. సాయంత్రం నడుచుకుంటూ పాతపట్నం వెళ్ళి టీ తాగి రావచ్చు. జబ్బు చేస్తే సగం మంది బరంపురం వైపు చూస్తారు, సగం మంది శ్రీకాకుళం, విశాఖ వైపు చూస్తారు. చుట్టాలు ఎటుంటే అటు.

అత్తకి డెబ్బై దాటాయి. కాశీనగర్ పక్కన పల్లె. ఆయాసం ఆవిడకి పాత చుట్టం. కారణం వెతకక్కర్లేదు, యాభై ఏళ్ళ అడ్డపొగ. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, చుట్టని నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని కాల్చడం. ఉత్తరాంధ్రలోనూ మా అంచునా ఆ తరం ఆడవాళ్ళలో ఇది మామూలు. ఆవిడ రోజూ రెండు పూటలా థియోఫిలిన్ మాత్ర వేసుకునేది. నెలనెలా ఆ మాత్రలు బస్సులో పంపేది నేనే.

ఆ రాత్రి ఆయాసం ముదిరింది. పల్లెలో రాత్రి పదకొండుకి తలుపు తీసేది ఒక్క ఆర్‌ఎంపీయే. ఆయన వచ్చి నరానికి సూది వేశాడు. "పావుగంటలో సర్దుకుంటుంది" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయాసం కాస్త సర్దుకున్న మాట నిజమే. గుండె మాత్రం పరుగందుకుంది. "గుండి కోడిపిల్లలాగ కొట్టుకుంటంది, సచ్చిపోతానేటిరా" అంది అత్త. వాంతి కూడా అయింది. పెద్దబావ ఆటోలో వేసుకుని పర్లాకిమిడి తెచ్చాడు. అక్కడ ఆయాసం చూసి నెబ్యులైజర్ పెట్టారు, ఒకసారికి రెండుసార్లు. నాడి నూట అరవై. ఈసీజీ తీశారు. గుండెకి సంబంధించినదిలా ఉంది, పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మన్నారు. పెద్దబావ అత్తవారిది శ్రీకాకుళం వైపు, పైగా అక్కడ తెలుగులో మాట్లాడుకోవచ్చు. కారు అటు తిప్పాం. నేనూ ఎక్కాను.

మూడో చోట డ్యూటీలో ఉన్న డాక్టరమ్మది చిన్న వయసే. ఈసీజీ కాగితం చూసి, పరుగెత్తే గుండెని దారిలో పెట్టే అడెనోసిన్ అనే మందుని సిరంజిలోకి లాగి పట్టుకుంది. మంచం దగ్గరికి వచ్చి, "ముందు ఎక్కడైనా ఇంజెక్షన్ చేయించారాండీ? ఏ మందు?" అంది. పెద్దబావ నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. రెండో ఆస్పత్రి ఇచ్చిన కాగితం మీద నెబ్యులైజేషన్ సంగతి ఉంది, పల్లెలో వేసిన సూది ఊసు లేదు. వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు. మందులమ్ముకుని బతికేవాణ్ణి, కారులో రెండు గంటలు పక్కన కూర్చున్నవాణ్ణి, నాకూ అడగాలని తోచలేదు.

ఆర్‌ఎంపీ ఫోను ఎత్తలేదు. అప్పుడే చిన్నబావ బుట్ట బోర్లించింది. దూది, సిరంజి, పాల ప్యాకెట్టు, మెడ విరిగిన గాజు ఆంప్యూల్. "ఈ... టీ... ఓ... బావా, తర్వాత ఎఫ్ లాగుంది" అన్నాడు. ఎటోఫిలిన్, థియోఫిలిన్ కలిసిన ఇంజెక్షన్. చెప్పగానే డాక్టరమ్మ చేతిలో సిరంజిని ట్రేలో పెట్టేసింది.

ఎందుకు పెట్టేసిందో చెబితే గాని నేను చెప్పబోయేది అర్థం కాదు. అడెనోసిన్ మన ఒంట్లోనే తయారయ్యే పదార్థం. దాన్ని నరంలోకి ఒక్క ఊపున కొడితే, గుండె పై గదుల నుంచి కింది గదులకు కబురు వెళ్ళే దారి కొన్ని సెకన్లు మూసుకుపోతుంది. ఈసీజీలో గీత చదునుగా సాగుతుంది. ప్రాణం పోతోందని రోగికి నిజంగానే అనిపిస్తుంది. అయినా అది కావాలని చేసే పనే. రక్తంలో ఆ మందు పది సెకన్లలోపే సగానికి సగం మాయమవుతుంది, దారి తెరుచుకుంటుంది, గుండె చాలాసార్లు సవ్యమైన లయలో మళ్ళీ మొదలవుతుంది. కానీ అడెనోసిన్ కూర్చోవలసిన పీటల మీద థియోఫిలిన్ ముందే ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు 6 మిల్లీగ్రాములిచ్చినా 12 ఇచ్చినా పని చేయకపోవచ్చు. పైగా ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకి అడెనోసిన్ శ్వాసనాళాలని బిగించేసే ప్రమాదం ఉంది. అంటే అత్తకి లాభం అనుమానం, గండం మాత్రం ఖాయంగా పక్కనే ఉంది. ఇవన్నీ తేల్చింది బుట్టలో దొరికిన మూడు అక్షరాలు.

రక్తపరీక్షలో పొటాషియం బాగా తక్కువ వచ్చింది. థియోఫిలిన్ అతి అయినా పొటాషియం పడిపోతుంది, నెబ్యులైజర్‌లో పెట్టే సాల్బుటమాల్ వల్లా పడిపోతుంది, అది పడిపోతే గుండె లయ మరింత తప్పుతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కాయన్నమాట. డ్రిప్‌లో నెమ్మదిగా పొటాషియం ఎక్కించారు, మానిటర్ పెట్టారు, థియోఫిలిన్ మానిపించారు, కనిపెట్టుకుని కూర్చున్నారు. తెల్లారేసరికి నాడి నూటపదికి దిగింది.

తెల్లారాకే నాకు అసలు సంగతి వెలిగింది. వారం కిందట చిన్నబావ షాపుకొచ్చి, అత్తకి మూత్రంలో మంటగా ఉందంటే, సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చి పంపాను. ప్రిస్క్రిప్షన్ లేదు. చుట్టరికమే ప్రిస్క్రిప్షన్. థియోఫిలిన్‌ని ఒంట్లోంచి బయటికి పంపేది కాలేయంలోని ఒక ఎంజైమ్. సిప్రోఫ్లాక్సాసిన్ సరిగ్గా దాని చేతులు కట్టేస్తుంది. ఈ ముక్క డి.ఫార్మసీలో పరీక్షకి చదివి రాసినవాణ్ణే. ఇంకోటి: దసరా నుంచి మనవరాలి పోరు పడలేక అత్త చుట్ట మానేసింది. పొగ ఆ ఎంజైమ్‌ని ఉరకలెత్తిస్తుంది, అందుకే పొగతాగేవాళ్ళకి ఈ మందు తొందరగా ఖర్చయిపోతుంది. పొగ మానితే అదే డోసు ఒంట్లో పేరుకుంటుంది. అందరం సంతోషించిన మంచి పని కూడా ఆ రాత్రి లెక్కలో చేరింది. పేరుకున్న దాని మీద నరానికి ఇంకో ఆంప్యూల్. రక్తంలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాల్సిన మందు అని పుస్తకాలు చెబుతాయి. అటు తగ్గితే పనిచేయదు, ఇటు పెరిగితే వాంతులు, దడ, లయ తప్పడం, ఇంకా పెరిగితే ఫిట్స్. ఇంత ఇరుకు గట్టు మీద నడిచే మందుని మనం ఆయాసం సూది అని ఎంత తేలిగ్గా అడుగుతామో! 1888లో ఆల్బ్రెక్ట్ కోసెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని తేయాకులోంచి తీశాడు. కాఫీలోని కెఫీన్‌కి వరసకి దాయాది. దడ దాని వంశంలోనే ఉంది.

ఆర్‌ఎంపీని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన చదువు లేని వైద్యం చట్టం ఒప్పుకోనిదే. కానీ ఆ రాత్రి తలుపు తీసింది ఆయనే. సూది ముందు నా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. నేను అడిగేది ఒకటే. అత్యవసరంలో ఏ మందిచ్చినా, ఎవరిచ్చినా, పేరు, మోతాదు, ఏ దారిలో (నరానికా, కండకా), ఎన్ని గంటలకు అన్నది ఒక చీటీ మీద రాసి రోగితో పంపాలి. చీటీ లేకుండా రోగిని గడప దాటించకూడదు. అత్యవసర మందుల్లో చాలావాటికి గుండె మీద చేయి ఉంటుంది. ఆ చేయి చేసిన పని అచ్చం జబ్బులాగే కనిపిస్తుంది. తర్వాత చూసే డాక్టరు మందుని జబ్బనుకుంటే మందు చేసిన పనికి మళ్ళీ మందు వేస్తాడు.

మా వైపు మనుషులకి సూది అంటే భక్తి, దడ అంటే భయం. ఈ రెండూ కలిసి చేసే నష్టం ఇంకో రకం. భయపడకూడని మందుకి భయపడతాం, భయపడాల్సిన దానికి చేయి చాపుతాం.

అడ్రినలిన్ సంగతి చూడండి. కందిరీగలు కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు లేచి గొంతు మూసుకుపోతున్నా, పడని యాంటిబయాటిక్ ఇంజెక్షన్‌తో బీపీ జారిపోతున్నా, మొదటి మందు అడ్రినలిన్. పెద్దవాళ్ళకి అర మిల్లీగ్రాము, తొడ బయటివైపు కండలోకి. ప్రాణం మీదికొచ్చిన అలర్జీలో దాన్ని ఇవ్వకూడదనడానికి పూర్తి కారణం ఏదీ లేదు, గుండెజబ్బు ఉన్నా సరే. అయినా మా చుట్టుపక్కల ఎంతమంది కాంపౌండర్లు "అది గుండెని ఆపేస్తది" అని ఆంప్యూల్‌ని పెట్టెలోనే ఉంచి అలర్జీ సూది, స్టెరాయిడ్ వేసి కూర్చుంటారో నేను చూశాను. ఆ రెండూ నెమ్మదిగా పనిచేసేవి. మూసుకుపోయే గొంతుకి అంత తీరిక ఉండదు.

అలాగని ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. అదే అడ్రినలిన్‌ని అదే మోతాదులో కండకి బదులు నరంలోకి ఒక్కసారిగా తోస్తే బీపీ కొండెక్కుతుంది, లయ తప్పుతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరొచ్చు, గుండెకే రక్తం చాలకపోవచ్చు. దీనికి తోడు మందు బలాన్ని నిష్పత్తిలో రాసే పాత అలవాటు. ఒకటికి వెయ్యి అంటే మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము. ఒకటికి పదివేలు అంటే 0.1 మిల్లీగ్రాము. కంగారులో సున్నాలు లెక్కపెట్టేదెవరు? పది రెట్ల తేడా ఒక సున్నాలో దాక్కుంటుంది. అమెరికాలో 2016 నుంచి ఈ నిష్పత్తి రాతని లేబుళ్ళ మీంచి తీసేయించారు. నా షాపులో ఆంప్యూళ్ళ మీద ఇంకా కనిపిస్తూనే ఉంది.

పాముకాటుకిచ్చే విరుగుడుకీ ఇదే వర్తిస్తుంది. గుర్రాల రక్తం నుంచి చేసేది కాబట్టి అది కొందరికి తీవ్రంగా పడదు. అందుకే సీరం మొదలుపెట్టే ముందే అడ్రినలిన్ సిరంజిలో లాగి పక్కన పెట్టుకోవాలి. శ్రీలంకలో వెయ్యిమందికి పైగా పాముకాటు రోగుల మీద చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో, సీరానికి ముందు చర్మం కిందికి చిన్న మోతాదు అడ్రినలిన్ ఇస్తే తీవ్రమైన రియాక్షన్లు బాగా తగ్గాయి. గుండెని ఆపేస్తుందని మనం పెట్టెలో దాచుకున్న మందు సంగతి ఇది.

ఇక తేలు. మహారాష్ట్రలో కొంకణం వైపు, మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ గురించి మందులు తెలిసిన ప్రతివాడూ వినుండాలి. ఎర్రతేలు విషం ఒంట్లోని అడ్రినలిన్ లాంటి పదార్థాల గేట్లన్నీ ఒక్కసారిగా ఎత్తేస్తుంది. చెమటలు, చల్లబడిన చేతులు, ఎగబాకిన బీపీ, చివరికి గుండె డస్సిపోయి ఊపిరితిత్తుల్లో నీరు. ఆ చెమటలు, నోట్లో ఊరే లాలాజలం చూసి ఆట్రోపిన్ ఇచ్చేవారు, చెమట ఆరుతుంది కదా అని. చెమట ఆరేది. ఇప్పటికే పరిగెడుతున్న గుండెకి ఉన్న ఒక్క కళ్ళెమూ తెగేది. బావస్కర్ బీపీ మాత్ర ప్రాజోసిన్‌ని వాడి చూశాడు. 1986లో లాన్సెట్ పత్రికలో రాశాడు. అంతకుముందు పిల్లలు కళ్ళముందు పోయే చోట మరణాలు బాగా పడిపోయాయి. 2022లో పద్మశ్రీ వచ్చింది. ప్రాజోసిన్‌కీ తనదైన వంకర ఉంది. మొదటి మాత్రకి లేచి నిలబడితే బీపీ ఢామ్మని పడుతుంది, పడుకోబెట్టే ఉంచాలి. ఆ ఒక్క మాట చెప్పకుండా మాత్రిచ్చి ఇంటికి పంపితే మంచి మందు కాస్తా చెడ్డదవుతుంది.

అదే ఆట్రోపిన్, పురుగుమందు తాగినవాడికి ప్రాణదాత. రాయగడ పత్తి చేల వైపు నుంచి, మా వైపు వరి మళ్ళ నుంచి అలాంటి కేసులు రావడం కొత్త కాదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు విషం గుండెని నెమ్మది చేస్తుంది, ఊపిరితిత్తుల్ని స్రావంతో నింపుతుంది. ఆట్రోపిన్‌ని అయిదేసి నిమిషాలకి రెట్టింపు చేసుకుంటూ, ఛాతీలో గురగుర పోయి గుండె వేగం 80 దాటే దాకా ఇస్తారు. అక్కడ దడే కొలబద్ద. ఆ రోగిని మధ్యలో ఇంకో ఆస్పత్రికి పంపి, ఎంత ఆట్రోపిన్ వెళ్ళిందో రాయలేదనుకోండి. నాడి నూట నలభై ఉంటే, అది మందు ఎక్కువైందా, ఊపిరి అందకనా, జ్వరమా? కంటిపాప చూసి, చర్మం తడిమి ఊహించుకోవాలి. ఒకే మందు ఒక విషంలో గుండెని కాపాడుతుంది, ఇంకో విషంలో తోసేస్తుంది. అందుకే పేరొక్కటే రాస్తే సరిపోదు, దేనికిచ్చారో కూడా రాయాలి.

మలేరియా గురించి రెండు మాటలు. గజపతి కొండల్లో సవర గూడేల నుంచి మెదడుకెక్కిన మలేరియాతో వచ్చేవాళ్ళని నేను షాపు పెట్టిన కొత్తలో ఎక్కువగా చూసేవాణ్ణి. అప్పుడు క్వినైన్ రాజ్యం. దాన్ని డ్రిప్‌లో నాలుగు గంటలు ఎక్కించాలి. తొందరపడి నరంలోకి తోస్తే బీపీ కూలిపోతుంది, గుండె లయ ప్రాణాంతకంగా తప్పొచ్చు. తర్వాత ఆర్టిసునేట్ వచ్చింది. 2005లో వెలువడిన పెద్ద పరీక్షలో 1461 మంది రోగులు. క్వినైన్ తీసుకున్నవాళ్ళలో 22 శాతం, ఆర్టిసునేట్ తీసుకున్నవాళ్ళలో 15 శాతం చనిపోయారు. ఆ పరీక్ష జరిగిన కేంద్రాల్లో ఒకటి మన ఒడిశాలోని రవుర్కెలా. బయటివాళ్ళు ఒడిశా అనగానే వెనకబాటు అంటుంటే నాకు ఇది గుర్తొస్తుంది.

నా సొంత కౌంటర్ నేరం ఇంకోటి చెప్పాలి. బీపీ ఎక్కువైందని ఎవరైనా పరిగెత్తుకొస్తే నిఫెడిపిన్ క్యాప్సూల్ సూదితో గుచ్చి నాలిక కింద పిండే రోజులున్నాయి. పది నిమిషాల్లో బీపీ మిషను మీద అంకె దిగేది. మేం వీరుల్లా మొహాలు పెట్టేవాళ్ళం. ఆ దిగడం ఎంత దిగాలో చెప్పడం మన చేతుల్లో లేదు. గుండెకి, మెదడుకి రక్తం చాలక పోట్లొచ్చిన కేసులు చూసి, దీన్ని ఆపెయ్యాలని 1996లోనే అమెరికా వైద్య పత్రికలో గట్టిగా రాశారు. నేను షాపు పెట్టింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి. అయినా పిండాను, ఎందుకంటే నాకు పని నేర్పిన షాపులో పిండేవారు. అంకె దిగడమే కళ్ళకి కనిపించేది కాబట్టి ఎవరూ దానికి భయపడలేదు. సార్బిట్రేట్ కూడా అంతే. ఛాతీలో నొప్పి అనగానే నాలిక కింద పెట్టేస్తాం. ఆ మనిషి ముందురోజు సిల్డెనాఫిల్, అంటే వయాగ్రా మాత్ర, వేసుకున్నాడా అని అడగడానికి మొహమాటం. పక్కన భార్య ఉంటుంది, కొడుకు ఉంటాడు. ఆ రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పోతుంది. ఇప్పుడు నేను మగవాణ్ణి పక్కకి పిలిచి చెవిలో అడుగుతాను. తిట్లు తిన్నాను కూడా.

ఇదంతా మా ఊళ్ళో ఒక డాక్టరుగారితో వాదించాను. ఆయన నాకంటే చదువుకున్నవాడు, కోపం తక్కువవాడు. "మీరు చెప్పేవన్నీ చీటీల మీద రాసిస్తే జనం మందు వద్దంటారయ్యా. గుండె ఆగిపోయినవాడికి అడ్రినలిన్ ఇవ్వాలా, కాగితం వెతకాలా?" అన్నారు. మొదటి మాటలో నిజముంది. చెప్పే తీరు తెలియకపోతే భయమే మిగులుతుంది. అత్యవసర మందు గురించి నిజం కూడా ఒక్కోసారి బరువుగానే ఉంటుంది. బ్రిటన్‌లో 8014 మంది గుండె ఆగిన రోగుల మీద చేసి 2018లో ప్రకటించిన పరీక్షలో, అంబులెన్స్‌లో అడ్రినలిన్ ఇచ్చినవాళ్ళలో 3.2 శాతం, ఇవ్వనివాళ్ళలో 2.4 శాతం నెల రోజులకి బతికున్నారు. అయితే బతికి ఇంటికెళ్ళినవాళ్ళలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్ళు అడ్రినలిన్ వైపు 31 శాతం, రెండో వైపు 17.8 శాతం. ఇది విని ఒక కొడుకు ఏం చెప్పాలి? నాకూ తెలీదు. గుండె ఆగినప్పుడు ఆ చర్చ పెట్టమని నేనూ అనను.

రెండో మాట మాత్రం ఒప్పుకోను. నేనడిగే చీటీలో దుష్ప్రభావాల పురాణం ఉండదు. పేరు, మోతాదు, దారి, టైము, దేనికి. అర నిమిషం పని. కాగితం లేకపోతే చేతికి ప్లాస్టర్ ముక్క అంటించి దాని మీద పెన్నుతో రాయొచ్చు. మన సర్కారు వైద్యంలోనే ఇది ఒకచోట నడుస్తోంది. గర్భిణికి ఫిట్స్ వస్తే పెద్దాస్పత్రికి పంపేముందు ఏఎన్ఎం మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇస్తుంది, రెండు పిరుదుల్లో అయిదేసి గ్రాములు, ఇచ్చిన సంగతి రిఫరల్ చీటీలో రాయాలి. ఎందుకంటే అవతల తెలియక మళ్ళీ నిండు డోసిస్తే ఊపిరి ఆగొచ్చు, గుండె ఆగొచ్చు. అక్కడ కాల్షియం గ్లూకోనేట్ విరుగుడుగా సిద్ధంగా పెట్టుకోవాలి. ఒక ఏఎన్ఎం అమ్మ రాయగలిగినది ఎంబీబీఎస్ రాయలేడా అంటే డాక్టరుగారు నవ్వి, "మీ షాపు వాడు రాస్తాడా?" అన్నారు.

ఆ మాట తగిలింది. ఆ నెల నుంచే రాస్తున్నాను. అప్పటినుంచి నా షాపులో ఇంజెక్షన్ కొన్న ప్రతి ఒక్కరికీ చిన్న చీటీ వెళ్తుంది, తెలుగులో, ఒడియాలో. మనం సూది అంటాం, వాళ్ళు ఛుంచి అంటారు. రెండు భాషల్లోనూ ఆ మాట లోపలి మందుని కప్పేస్తుంది. సూది వేయించుకున్నాను అంటే ఇంకేం అడగక్కర్లేదన్నట్టు. మందు పేరు మాత్రం ఇంగ్లిషు పెద్దక్షరాల్లోనూ రాయక తప్పదు, అవతలి డాక్టరు చదవాలి కదా. మిగతాది ఇంట్లోవాళ్ళు చదవాలి. గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్ళోనే పంతులుగిరీ చేస్తూ జనం మాట్లాడే భాషలో రాయండర్రా అని పండితులతో పోట్లాడారు, సవరలకి వాళ్ళ భాషలో వాచకాలు రాశారు. ఊరు ఒడిశాకి వెళ్ళిందని చివరికి రాజమండ్రి వెళ్ళిపోయారు. చీటీ రాస్తున్నప్పుడు ఎప్పుడైనా ఆయన గుర్తొస్తారు. సవర చీటీ నా వల్ల కాలేదు.

మందు పడక ఏదైనా జరిగితే చెప్పుకోవడానికి దేశంలో ఒక చోటుందని కూడా చాలామందికి తెలీదు. 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది, ఘజియాబాద్‌లో కేంద్రం. 1800-180-3024కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, రోగి ఇంట్లోవాళ్ళయినా సరే. అత్త కేసు నేను చెప్పాను. మందు పేరు అడిగారు, ఎప్పుడు మొదలుపెట్టారు, దాంతోపాటు ఇంకేం వాడారు అని అడిగారు. సిప్రోఫ్లాక్సాసిన్ ఎవరిచ్చారన్న చోట కాసేపు ఆగి, నేనే అన్నాను.

ఆర్‌ఎంపీ ఇప్పుడు నా దగ్గరే మందులు కొంటాడు. మొదట్లో చీటీ అంటే చిరాకుపడ్డాడు. "ఏటి బాబూ, పోలీసు కేసుకా?" అనేవాడు. తర్వాత ఒక దారి కనిపెట్టాడు. రాయడం బద్ధకమై, వాడిన ఆంప్యూల్ అట్టపెట్టె చింపి దాని మీద టైము వేసి రోగి చేతిలో పెడతాడు. నాకు నచ్చింది. నరానికిచ్చే ఆయాసం సూది మాత్రం ఇంకా పూర్తిగా మానలేదు. ఇన్‌హేలర్ ఇస్తే పల్లెలో వైద్యం చేసినట్టు ఉండదట.

అత్త ఇప్పుడు ఇన్‌హేలర్ మీద ఉంది. థియోఫిలిన్ లేదు. ఆవిడ మందుల చీటీ నేనే రాసిచ్చాను, మడత పెట్టి చుట్టల రేకుడబ్బాలో దాచుకుంది. డబ్బా ఎలాగూ ఖాళీయే కదా అంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చీటీ మార్చాలని డబ్బా తీశాను. చీటీ పక్కన సగం కాలిన చుట్ట ఉంది. ఆవిడ నా మొహం చూసి, ఏమాత్రం తొణక్కుండా, "అదీ రాయాలేటి?" అంది.

రాశాను.